దఫీనా

2020 ఆగస్టు 14న వనపర్తి జిల్లా రేవల్లి మండలంలోని ఒక పల్లెలో ఒకే ఇంట్లో నలుగురు చనిపోయి కనిపించారు. నలుగురూ ముస్లింలు. ముసలామె నుంచి చిన్నపిల్ల దాకా మూడు తరాల మనుషులు. ఒక్కొక్కరు ఇంట్లో ఒక్కో చోట పడి ఉన్నారు. అక్కడ కొబ్బరికాయ, నిమ్మకాయలు దొరికాయి. గుప్తనిధి కోసం పూజ చేసి ఉంటారని ఊరు అనుకుంది. పత్రికలూ అదే రాశాయి.

నేను హైదరాబాద్‌లో జర్నలిస్టుని. ఉర్దూలోనూ తెలుగులోనూ రాసి బతుకుతున్నవాణ్ణి. ఆ సాయంత్రం ఒక తెలుగు పత్రికా మిత్రుడు ఫోన్ చేశాడు. "మీ వనపర్తి దగ్గరే కదా. మీవాళ్ళే కదా. మీవాళ్ళకు కొబ్బరికాయ ఎందుకు?" అన్నాడు. మనిషి మంచివాడు, సెక్యులర్. కాసేపటికి ఒక ఉర్దూ మిత్రుడి ఫోన్ వచ్చింది. "వీళ్ళేం ముసల్మానులు? షిర్క్ చేసి చచ్చారు" అన్నాడు. అల్లా పక్కన మరొకరిని నిలబెట్టడాన్ని షిర్క్ అంటాం. ఈయనా మంచివాడే, అయిదు పూటలా నమాజీ.

వాళ్ళను ఎవరు చంపారు అని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

ఒకరికి ఆ శవాలు చాలినంత ముస్లిములుగా కనబడలేదు, ఇంకొకరికి అసలు ముస్లిములుగానే కనబడలేదు. చనిపోయాక కూడా మా అస్తిత్వానికే పరీక్ష. ఆ రాత్రి నేను అనుకున్నది ఇదే. అయితే ఆ పరీక్ష పెట్టేవాళ్ళ గురించి మాత్రమే రాసి ఊరుకుంటే నాది కూడా సగం నిజమే అవుతుందని తరువాత తెలిసింది. ఆ మిగతా సగం గురించి ఈ వ్యాసం.

ముందు కొబ్బరికాయ సంగతి తేల్చుకుందాం. పాలమూరు పల్లెలో పుట్టిన ముస్లింకు కొబ్బరికాయ వింత కాదు. మొహర్రంలో మా పీర్లకు మొక్కేవాళ్ళలో, అలావా చుట్టూ అడుగులు వేసేవాళ్ళలో చాలా ఊళ్ళలో హిందువులే ఎక్కువ. దర్గా దగ్గర కందూరు చేసి ఊరందరికీ పెట్టే ఇళ్ళలో మావి కొన్నయితే వాళ్ళవి కొన్ని. అలంపురంలో నవబ్రహ్మల గుళ్ళ పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. నా చిన్నప్పుడు దిష్టి తగిలిందని మా అమ్మీ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది. పక్కింటి అవ్వ జ్వరం వచ్చిన మనవణ్ణి చంకనేసుకుని మగ్రిబ్ వేళకు మసీదు మెట్ల దగ్గర నిలబడేది, నమాజు చేసి వచ్చేవాళ్ళు దువా చదివి ఊదుతారని. సభల్లో దీన్నే గంగా జమునా తెహజీబ్ అని మెచ్చుకుంటారు. అదే ఒక శవం పక్కన కనబడితే "మీవాళ్ళకెందుకు" అంటారు.

నిధి ఆశకు కూడా మతం లేదు. తెలుగులో గుప్తనిధి, ఉర్దూలో దఫీనా. దఫన్ అంటే పూడ్చడం, దఫీనా అంటే పూడ్చిపెట్టిన సొత్తు. మా జిల్లాల్లో ఈ మాట వినకుండా పెరిగిన పిల్ల ఉండదు. కారణం ఉంది. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపూరు, గోపాల్‌పేట అన్నీ నిజాం కింద సంస్థానాలు. ఘనపురం, పానగల్లు గుట్టల మీద కోటలు. ప్రతి కోట కిందా ఒక సొరంగం కథ, ప్రతి గడీ కిందా ఏడు బిందెల కథ. సంస్థానాలు పోయాయి. గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ వచ్చింది. వనపర్తి రాజావారి మహలు 1959లో పాలిటెక్నిక్ అయింది. కథలు మాత్రం పోలేదు. బ్యాంకు లేని కాలంలో కరువుకూ దోపిడీకీ జడిసి కలిగినవాళ్ళు సొమ్మును భూమిలోనే దాచేవారు. దొరికిన సొత్తు ఎవరిదనే తగవు కోసం బ్రిటిష్ ప్రభుత్వం 1878లోనే ఒక చట్టం చేసింది. పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలంది. కాబట్టి నిధి అనేది ఉత్త భ్రమ కాదు, ఒకప్పుడు నిజంగా జరిగినదానికి మిగిలిన నీడ.

ఆ నీడ వెంట పరిగెత్తేది ఎవరు? వర్షాధార భూమి, ఎండిన బోరు, వడ్డీ. ఆనకట్టలు కట్టడానికీ రోడ్లు వేయడానికీ దేశమంతా తిరిగిన "పాలమూరు లేబర్" మా జిల్లా మనుషులే. ఎన్నేళ్ళు కూలి చేసినా బిడ్డ పెళ్ళి చేయలేనని తెలిసినవాడికి, నీ ఇంటి కిందే బంగారం ఉందని చెప్పేవాడి మాట తియ్యగా ఉంటుంది. ఆ మాట చెప్పేవాడు దానితో పాటు ఒక షరతు పెడతాడు: "ఎవరికీ చెప్పొద్దు. చెబితే నిధి బొగ్గయిపోతుంది." నిధి వేషగాళ్ళ అసలు పనిముట్టు నిమ్మకాయ కాదు, ఈ షరతే. ఇంట్లో గుట్టు ఉన్నంతకాలం వాడికి భయం లేదు.

ఆఫీసులో నన్ను వనపర్తి వెళ్ళి రమ్మన్నారు. కరోనా రోజులని సాకు చెప్పాను. అసలు కారణం కరోనా కాదు. డిగ్రీ అయ్యాక ఆ ఊరు విడిచిన నేను పెళ్ళికో చావుకో తప్ప వెళ్ళినవాణ్ణి కాదు. మా ఇంట్లో అడగకూడని ప్రశ్న ఒకటుండేది. నానీకి ఒక అన్న ఉండేవాడు, ఏమయ్యాడు? చిన్నప్పుడు ఒకసారి అడిగితే నానీ తస్బీ పట్టుకుని లేచి వెళ్ళిపోయింది. అమ్మీ నా చెంప మీద కొట్టింది. ఇక అడగలేదు. అడగని ప్రశ్న ఉన్న ఇంట్లో ఎక్కువసేపు కూర్చోలేం.

చివరికి వెళ్ళాను. రేవల్లి వార్త రాసి పంపి, నానీ దగ్గరికి పోయాను. అప్పటికి ఎనభై అయిదు దాటింది. ఆ నలుగురి సంగతి నా దగ్గర విని చాలాసేపు ఊరుకుంది. తరువాత తనే మొదలుపెట్టింది. "బేటా, దఫీనా మా అన్నను కూడా తిన్నది."

నానీ పుట్టింది వనపర్తి వైపు కాదు. కృష్ణకు అవతల, నడిగడ్డలో, గద్వాల సంస్థానం ఊళ్ళో. గద్వాల, అలంపురం తాలూకాలు అప్పట్లో రాయచూరు జిల్లా కింద ఉండేవి. 1956లో మహబూబ్‌నగర్‌లో కలిశాయి. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి దిగింది. 17న నిజాం చేతులెత్తేశాడు. మా ఇళ్ళలో దీన్ని ఇప్పటికీ పోలీస్ యాక్షన్ అనే అంటాం. ప్రతి ఏడూ సెప్టెంబర్ 17 రాగానే అది విమోచనమా, విలీనమా, విద్రోహమా అని నాయకులు తగువులాడతారు. మా నానీకి అది ఒక రాత్రి. ఒక రెడ్డిగారి గడ్డివాములో రెండు రోజులు దాక్కుని, మూడో రాత్రి ఒక బెస్త మనిషి పుట్టిలో నిండు కృష్ణ దాటిన రాత్రి. తల్లి, ఇద్దరు ఆడపిల్లలు, పదిహేడేళ్ళ అన్న. రెడ్డిగారు డబ్బు తీసుకోలేదు. బెస్తాయన కూడా తీసుకోలేదు.

ఇంట్లో జొన్నల గుమ్మి కింద ఒక రాగి చెంబు పాతిపెట్టి వచ్చారు. అందులో తల్లి వెండి పైజేబులు, కొన్ని హాలీ రూపాయలు. నెల తరువాత గొడవలు చల్లారాయని విని, చెంబు తెస్తానని అన్న వెళ్ళాడు. తిరిగి రాలేదు. శవం కూడా రాలేదు. ఆ తరువాత ఆ ఇంటిని ఎవరెవరో మూడు సార్లు తవ్వారట, ఇంకా ఏదో ఉందని.

"ఎవరు చంపారో తెలుసా నానీ?"

"తెలుసు."

పేరు చెప్పలేదు. "చెబితే నీకొక దుష్మన్ పెరుగుతాడు. నాకు అన్న రాడు."

అక్కడితో ఆగి ఉంటే నా వ్యాసం సులభమయ్యేది. కానీ నేను జర్నలిస్టుని, ఇంకో ప్రశ్న అడిగాను. అంతమందిలో ఆయన్నే ఎందుకు చంపారు? నానీ నా మొహం చూడలేదు. "వర్దీ తొడిగిండు," అంది. "నాలుగు నెలలు."

రజాకార్లలో చేరాడన్నమాట. పదిహేడేళ్ళవాడు. ఒకరోజు ఎక్కడినుంచో ఒక మేకను తోలుకొచ్చాడు. ఎక్కడిదని తల్లి అడిగింది. జవాబు లేదు. తల్లి ఆ మేకను కొయ్యనివ్వలేదు. తెల్లవారి తలుగు విప్పి, దాని ఇంటికి అదే పోతుందని ఊరి బయట వదిలేసింది. అంతకు మించి వాడేం చేశాడో తనకు తెలియదంది నానీ. తెలుసేమో. ఆ మాట నేను రెట్టించలేదు.

ఇరవై ఏళ్ళుగా నేను రెండు భాషల్లోనూ రాస్తున్నది ఒకటే: మేం రజాకార్లం కాదు, మమ్మల్ని ఆ పేరుతో పిలవకండి. ఆ మాట ఇప్పటికీ నిజం. హైదరాబాద్ ముస్లింలందరూ రజాకార్లు కారు. 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ రజాకార్లను ఎదిరించి రాశాడు. 1948 ఆగస్టు 21 రాత్రి హైదరాబాద్ నడివీధిలో ఆయన్ను నరికి చంపారు. ఉర్దూ పత్రికలో పనిచేసే ప్రతి ఒక్కరం ఆయన వారసులం అని చెప్పుకుంటాం. నేనూ చెప్పుకున్నాను. కానీ నా ఇంట్లో ఉన్న చావు షోయబుల్లాది కాదు, వర్దీ తొడిగిన పిల్లవాడిది. నచ్చిన పూర్వీకుణ్ణి ఎంచుకుని నచ్చనివాణ్ణి పూడ్చిపెట్టడం కూడా దఫీనాయే.

అందుకని రెండూ చెప్పాలి. రజాకార్లు ఊళ్ళ మీద పడ్డారు, దోచారు, చంపారు. వాళ్ళకు పోలీసులు తోడున్నారు. మా పాలమూరులోనే, ఆత్మకూరు సంస్థానం ప్రాంతంలోని అప్పంపల్లిలో 1947లో పోలీసు కాల్పులకు జనం బలయ్యారు. ఆ బాధ ఊళ్ళలో ఈనాటికీ ఉంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. ఆ తరువాత జరిగిందీ చెప్పాలి. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలు 1948 నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా హైదరాబాద్ రాజ్యంలో తిరిగారు. పోలీస్ యాక్షన్ సమయంలోనూ ఆ తరువాతా తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని అంచనా వేశారు. ఎక్కువ నష్టపోయినవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలన్నారు. ఆ నాలుగింటిలోనే 18 వేలకు తక్కువ కాదన్నారు. ఆ తరువాత ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్. మా జిల్లా ఆ ఎనిమిదిలో లేదు. కానీ ఒక ఇంటికి ఒక్కడు పోయినా ఆ ఇంటికి అది వంద శాతం. ముస్లింలను ప్రాణాలకు తెగించి కాపాడిన హిందువుల గురించి కూడా ఆ నివేదిక రాసింది. మా రెడ్డిగారు, మా బెస్తాయన అందులో పేర్లు లేకుండా ఉన్నారనే నేను అనుకుంటాను.

మరి ఆ నివేదిక ఏమైంది? ప్రభుత్వం దాన్ని ప్రచురించలేదు. 1988లో ఒమర్ ఖాలిదీ సంకలనంలో దాని భాగాలు వెలుగు చూశాయి. పూర్తి ప్రతి ఢిల్లీలోని నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో చూడవచ్చని జనానికి తెలిసింది 2013లో. అప్పటికి అరవై అయిదేళ్ళు. ఇంటి గుట్టు ఇంట్లో, రాజ్యం గుట్టు రాజ్యంలో. శాంతి కోసమే దాచామని అందరూ అంటారు. మరి దాచిన చోట శాంతి పెరిగిందా? వాట్సాప్‌లో ఒకడు రజాకార్ల కథ మాత్రమే చెబుతాడు, ఇంకొకడు పోలీస్ యాక్షన్ కథ మాత్రమే. పూర్తి సంగతి ఎవరూ చెప్పని చోట సగం సంగతి అమ్ముకునేవాడికి గిరాకీ.

లెక్క ఎవరు కట్టారన్నదీ చూడాలి. కాశిం రజ్వీ 1957లో జైలు నుంచి విడుదలై పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. నిజాం 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్‌గా ఉన్నాడు. పెద్దలకు దారులు దొరికాయి. పల్లెలోని దర్జీ, దూదేకుల, పటేలు కింద జవాను, వర్దీ తొడిగిన పదిహేడేళ్ళ పిల్లవాడు, ఏ పాపమూ ఎరగని వాడి చెల్లెళ్ళు అసలూ వడ్డీ కట్టారు. మా అమ్మీకి మామూ అయిన ఆ పిల్లవాడు దోషి అయితే కోర్టుకు పోవాలి. చెంబు కోసం వచ్చినవాణ్ణి చేలో చంపడం న్యాయం కాదు, హత్య. మంచివాళ్ళను మాత్రమే చంపకూడదనేది చట్టం కాదు. రేవల్లిలో పోయిన నలుగురికీ ఇదే వర్తిస్తుంది. వాళ్ళు ఏ దేవుడికి మొక్కారు, సరిగా మొక్కారా అన్నది హత్య కేసులో ప్రశ్నే కాదు.

ఆ మరుసటి ఏడు నానీ పోయింది. పేరు చెప్పకుండానే పోయింది.

2023 డిసెంబర్‌లో నాగర్‌కర్నూల్ పోలీసులు ఒక మనిషిని అరెస్టు చేసి వివరాలు ప్రకటించారు. నాటువైద్యం, రియల్ ఎస్టేట్ పేరు చెప్పుకుని, గుప్తనిధి తీసిస్తానని మనుషులను నమ్మించి, భూములు రాయించుకుని, తీర్థం పేరుతో విషం పోశాడని పోలీసులు చెప్పారు. 2020 నుంచి మొత్తం పదకొండు హత్యలు అన్నారు. రేవల్లి మండలంలోని ఆ నలుగురినీ ఆ లెక్కలోనే కలిపారు. నేరం తేల్చవలసింది కోర్టు. కానీ ఒక సంగతి నన్ను కుదిపింది. మూడేళ్ళకు పైగా తేలని మిస్టరీకి పోలీసులు చేరింది ఏ గొప్ప పరిశోధనతోనూ కాదు. హైదరాబాద్‌లో ఒకామె తన భర్త కనబడటం లేదని, ఫలానా మనిషి దగ్గరికి వెళ్ళాడని పోలీసులకు చెప్పింది. నిధి కోసం వెళ్ళాడంటే నలుగురూ నవ్వుతారని ఆమె ఊరుకోలేదు. అంతకుముందు పోయినవాళ్ళ బంధువులకు ఎందరికి ఏ అనుమానాలున్నాయో, సిగ్గుతో ఎందరు నోరు కట్టుకున్నారో! మూడేళ్ళ కింద నా ఇద్దరు మిత్రులు అడిగిన ప్రశ్నలు ఆ సిగ్గును పెంచేవే గానీ తగ్గించేవి కావు. కొబ్బరికాయ ఎందుకు, షిర్క్ ఎందుకు అని అడిగేవాళ్ళ ముందు ఏ ముస్లిం కుటుంబం నోరు విప్పి, మావాళ్ళు నిధికి ఆశపడ్డారు, ఫలానావాడు వచ్చిపోయేవాడు అని చెబుతుంది?

అరెస్టు వార్త ఉర్దూలోకి రాసి ఇచ్చిన మరుసటి నెల నేను బీచుపల్లి వంతెన మీదుగా కృష్ణ దాటాను. నానీ పుట్టిన ఊరికి మా ఇంటి నుంచి డెబ్బై అయిదేళ్ళలో వెళ్ళిన మొదటివాణ్ణి నేనే. మనసొప్పి వెళ్ళలేదు. బస్సు దిగాక కూడా వెనక్కి పోదామనిపించింది. ఆ ఇల్లున్న చోట ఇప్పుడు విత్తనపత్తి వేశారు. పక్క చేనులో ఒక ముసలాయన ఉన్నాడు. ఎవరి కోసమని అడిగాడు. నేను నానీ వాళ్ళ అబ్బా పేరు చెప్పాను.

"ఏమన్న దొరుకుతదని వచ్చినవా బిడ్డా?" అన్నాడు.

లేదని, మా నానీ అన్న ఒకాయన ఇక్కడ చనిపోయాడట, ఆ చోటు చూసి పోదామని వచ్చానని చెప్పాను. ఆయన పేరు కూడా చెప్పాను. మా ఇంట్లో ఎవరమూ గట్టిగా పలకని పేరు అది. ముసలాయన కాసేపు ఆలోచించి, "మా నాయిన చెప్పేటోడు," అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఒక గట్టు చూపించాడు. నేను ఫాతెహా చదివినంతసేపూ తలగుడ్డ తీసి చేత పట్టుకుని నిలబడ్డాడు. ఆయన తండ్రి ఎవరో, ఏ పక్షమో నేను అడగలేదు. ఆయన కూడా మామూ ఏ వర్దీ తొడిగాడో అడగలేదు. ఇద్దరికీ తెలుసుననే అనుకుంటాను.

అది సయోధ్య అని నేను చెప్పను. ఇద్దరం కలిసి ఒక పేరు పైకి అన్నాం, అంతే. కానీ మొదలుపెట్టవలసింది అక్కడే. ముస్లిం రచయితలుగా మన మీద పడిన నిందను తిప్పికొట్టడం మన బాధ్యత. మన ఇళ్ళలో పూడ్చినదాన్ని మనమే తవ్వి చెప్పడం కూడా మన బాధ్యతే. మన సెక్యులర్ మిత్రులకూ ఒక మనవి. ఈసారి ఏ పల్లెలోనైనా ఒక ముస్లిం ఇంట్లో శవం లేస్తే, అది ఎలాంటి ముస్లిం అని అడక్కండి. ఎవరు చంపారని అడగండి. మా ముసలివాళ్ళు ఇంకా కొందరు మిగిలే ఉన్నారు, మీ ముసలివాళ్ళు కూడా. వాళ్ళు పోకముందే కూర్చుని అడుగుదాం. చెబితే బొగ్గయిపోయేది ఏదీ లేదు.